మడమ రిజిస్టరు: ఉప్పు ప్యాకెట్లతో పన్నెండు వారాలు

ఏప్రిల్ 1, 2025, మంగళవారం

షాపులో పాత స్టాకు రిజిస్టరు ఒకటి సగం ఖాళీగా పడుంది. ఈ రోజు నుంచి అది నా కుడి మడమ ఖాతా. ప్రారంభ నిల్వ, వచ్చింది, పోయింది, ముగింపు నిల్వ అని గళ్లు ముందే గీసి ఉన్నాయి కాబట్టి స్కేలు వెతుక్కునే పని తప్పింది.

నాది ఒడిశాలోని పర్లాకిమిడిలో మందుల షాపు. వయసు 48, బరువు 74 కిలోలు, షుగరు ఉంది కానీ మాత్రలతో అదుపులోనే ఉంది. ఫిబ్రవరి 26న శివరాత్రికి కుర్రాళ్లతో కలిసి మహేంద్రగిరి వెళ్లాను. 1501 మీటర్ల కొండ. జీపు దొరుకుతున్నా "నడిచే పోదాం" అన్నది నేనే. ఏడాది పొడుగునా కౌంటరు వెనక నిలబడి, సాయంత్రం అరగంట వాకింగ్ చేసే మనిషిని. ఎక్కేటప్పుడు ఏమీ తెలియలేదు, దిగేటప్పుడూ తెలియలేదు. మూడో రోజు పొద్దున్న మంచం దిగి కాలు కింద పెడితే మడమ వెనక ఎవరో పుల్లతో పొడిచినట్టయింది. పది అడుగులు కుంటాక సర్దుకుంది. మర్నాడు మళ్లీ అదే.

"ఏటిరా అలా కుంటతన్నావు? నరం పట్టేసుంటాది" అంది మా అమ్మ. వేడి నువ్వుల నూనె ఆవిడ వంతు, ఎసిక్లోఫెనాక్ నొప్పి మాత్రలు ఐదు రోజులూ జెల్ ఒక ట్యూబూ నా వంతు. ఆ పైన మూడు వారాలు వాకింగ్ మానేశాను. పదికి ఆరున్న నొప్పి ఒకటికి దిగింది. తగ్గిపోయిందనుకుని మొన్న ఉగాది సాయంత్రం మహేంద్రతనయ వంతెన దాకా హుషారుగా నడిచొచ్చాను. నిన్న పొద్దున్న మళ్లీ ఆరు.

నెల రోజుల మందూ విశ్రాంతీ కలిపి నాకు తెచ్చిపెట్టింది ఒక్క సాయంత్రం నడక. గురువారం ఎవరికైనా చూపించాలి.

ఏప్రిల్ 3, గురువారం

పాతపట్నం నుంచి వారానికి రెండు రోజులు మా ఊరికి వచ్చే ఫిజియో అమ్మాయి ఉంది. నోట్లోంచి మాట రాకముందే బోర్లా పడుకోమంది, పాదాలు బల్ల చివర నుంచి బయటికి వేలాడేలా. కుడి పిక్కని గుప్పిట్లో పట్టి పిసికింది. పాదం దానంతట అదే కిందికి వంగింది. "తెగలేదు సార్" అంది. పిక్క కండని మడమ ఎముకకి కట్టే తాడు సంగతి అది, అకిలిస్ టెండన్ అంటారు. అది తెగి ఉంటే పిక్క ఎంత పిసికినా పాదం కదలదట. ఇలా పిసికి చూడడాన్ని థాంప్సన్ పరీక్ష అంటారు. రెండు సెకన్ల పని. స్కాన్ సంగతి అడిగితే ఇప్పుడే అక్కర్లేదంది.

తర్వాత మడమ ఎముక వెనక నొక్కింది. ఏమీ లేదు. అక్కణ్నుంచి కొంచెం కొంచెం పైకి జరుగుతూ, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి నొక్కుతూ వచ్చింది. ఎముకకి నాలుగు సెంటీమీటర్ల పైన ప్రాణం లేచొచ్చింది. నా వేలు తీసుకెళ్లి అక్కడే పెట్టింది. చింతగింజంత ఉబ్బు తగిలింది. ఎడమ కాలికి అది లేదు. పాదం కిందికీ పైకీ ఆడిస్తే ఆ ఉబ్బు కూడా వేలి కింద జరుగుతోంది. అంటే అది పైపొరలో కాదు, టెండన్‌లోనే ఉందన్నమాట. ఈ జబ్బులో రెండు రకాలట: టెండన్ ఎముకకి అతుక్కునే చోట వచ్చేది ఒకటి, 2 నుంచి 6 సెంటీమీటర్ల పైన వచ్చేది ఇంకోటి. నాది రెండోది.

గోడకి వేళ్లు ఆనించి ఒంటికాలి మీద మడమ ఎత్తి దించమంది. ఎడమ కాలితో 24. కుడి కాలితో 9, ఆ తొమ్మిదోది కూడా సగమే లేచింది.

చెప్పులు ఏవి వేస్తారు, షుగరు ఎంత, కొలెస్ట్రాల్ చూపించారా అని వరసగా అడిగి, "ఈ మధ్య యాంటీబయాటిక్ ఏమైనా వాడారా?" అంది. వాడాను. ఫిబ్రవరి మొదట్లో మూత్రంలో మంటకి డాక్టరు సిప్రోఫ్లాక్సాసిన్ రాస్తే ఏడు రోజులు వేసుకున్నాను. సిప్రో, లెవో, ఓఫ్లో గుంపు మందులు ఈ టెండన్‌ని దెబ్బతీయగలవని, ఒక్కోసారి తెగిపోయే దాకా పోతుందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008లోనే పెట్టె గీసి మరీ హెచ్చరిక వేయించింది. 60 దాటినవాళ్లకీ, స్టెరాయిడ్ మాత్రలు కూడా వేసుకునేవాళ్లకీ ఆ ముప్పు ఎక్కువ. పెట్టెలో వచ్చే కాగితంలో ఇదంతా ఉంటుంది. ఆ కాగితాన్ని మడత విప్పకుండా ఇన్నేళ్లూ అమ్మిన వాణ్ణి నేనే. నాకు కొండవల్ల వచ్చిందా, మందువల్ల వచ్చిందా, షుగరు కూడా ఓ చెయ్యి వేసిందా అన్నది తేల్చలేమంది. నిజమే, తేల్చినా ఇప్పుడు చేసే పని మారదు.

అసలు విషయం ఆ తర్వాత చెప్పింది. దీన్ని పూర్వం టెండనైటిస్ అనేవాళ్లు, అంటే వాపు అని. నెలల తరబడి ఉండే నొప్పిలో వాపు పాత్ర తక్కువని తేలాక ఇప్పుడు టెండినోపతి అంటున్నారు. టెండన్ అంటే గోగునార తాడులా పురులు పురులుగా పేనుకున్న కొలాజెన్. నాలుగు సెంటీమీటర్ల పైన నా తాడు పురి విడి, నార చిందరవందరగా ఉంది. నొప్పి మాత్ర నొప్పి తెలియకుండా చేస్తుంది కానీ పురి పెట్టదు. విశ్రాంతీ పెట్టదు. మెల్లగా బరువు మోయిస్తేనే, దానికి తగ్గట్టు ఆ నార గట్టిపడుతుంది. మూడు నెలలు పడుతుందంది. నా మొహం చూసి "కనీసం" అని కూడా చేర్చింది.

నియమం ఒక్కటే. కసరత్తు చేసేటప్పుడు పదికి ఐదు దాకా నొప్పి ఉన్నా ఫరవాలేదు. మర్నాడు పొద్దున్నకి మాత్రం మామూలు స్థాయికి వచ్చెయ్యాలి. రాకపోతే నిన్న చేసింది ఎక్కువైనట్టు, వస్తే సరిపోయినట్టు. అందుకే రిజిస్టరులో ముగింపు నిల్వ గడి ఆ రోజు ఖాళీగా వదిలేసి, మర్నాడు మొదటి పది అడుగులు వేశాక నింపుతాను.

బయటికి వచ్చేముందు మాటల్లో తెలిసింది, వాళ్ల అమ్మమ్మగారిదీ మా అమ్మదీ పక్కపక్క ఊళ్లని. అప్పటిదాకా సార్‌ని, గుమ్మం దాటేసరికి బాబాయ్‌ని అయ్యాను.

ఏప్రిల్ 5, శనివారం

ఇవాళ కౌంటరు దగ్గర ఒకాయన మడమ వెనక చూపించి "నరాల బిళ్లలు ఇవ్వండి" అన్నాడు. రోజూ వినే మాటే, ఇవాళే చెవిన పడింది. మనకి నెత్తురు పారేదీ నరమే, స్పర్శ తెలిపేదీ నరమే, కండని ఎముకకి కట్టేదీ నరమే. మాట ఒకటే కాబట్టి మందూ ఒకటే అనుకుంటారు. మిథైల్‌కోబాలమిన్ నెల రోజులు వాడి, తగ్గలేదని ఇంకో కంపెనీది అడుగుతారు. పిక్క కండని మడమకి కట్టే తాడుకి ఆ బిళ్లతో సంబంధం లేదు. ఒడియా వాళ్లు గోఇఠి అని మడమని చూపించి ఊరుకుంటారు, వాళ్లతో ఈ చిక్కు కాస్త తక్కువ.

ఆయనకి బిళ్లలు ఇవ్వలేదు. ఫిజియో వచ్చే రోజులు కాగితం మీద రాసిచ్చాను. ఆయన వెళ్లి ఎదురు షాపులో కొనుక్కున్నాడు, కనబడుతూనే ఉంది.

ఏప్రిల్ 6, శ్రీరామనవమి

మొదటి మెట్టు కదలని కసరత్తు. రెండు కాళ్ల మీదా మడమలెత్తి 45 సెకన్లు అలాగే నిలబడాలి. రెండు నిమిషాలు ఆగి మళ్లీ. ఇలా ఐదుసార్లు. గుళ్లో పానకం వరసలో నిలబడ్డప్పుడు రెండుసార్లు చేసేశాను. ముందున్నాయన వెనక్కి తిరిగి, తల ఎత్తి ఏం చూస్తున్నానా అని తనూ చూశాడు. పిక్క వణికింది కానీ నొప్పి 3 దాటలేదు. పొద్దున్న 5, మర్నాడు 5.

చెప్పుల విషయం కూడా మార్చాను. షాపులో చెప్పులు విప్పి చలవ రాయి మీద వట్టికాళ్లతో నిలబడడం నా అలవాటు. ఇప్పుడు మడమ కాస్త ఎత్తుగా ఉన్న స్పోర్ట్స్ బూట్లు. పదేళ్లుగా నన్ను చూస్తున్నవాళ్లు "పరుగు పందెమా?" అంటున్నారు.

ఏప్రిల్ 13, ఆదివారం

ఈ వారం పొద్దుటి అంకె 4కి దిగింది. ఇక మెట్టు అంచున నిలబడి మడమలు కిందికి దించే కసరత్తు. మా అరుగు మెట్టు అంచు అరిగి గుండ్రంగా ఉంది, జారుతుంది. ఇవాళ సెలవు కాబట్టి దిమ్మ చేద్దామని కూర్చున్నాను.

మా వీధి వడ్రంగి దగ్గర మిగిలిన చెక్క ముక్కలు తెచ్చాను. రెండడుగుల పొడవు, తొమ్మిది అంగుళాల వెడల్పు, నాలుగు అంగుళాల ఎత్తు వచ్చేలా మేకులు కొట్టాను. అంచు మీద నిలబడి మడమలు వెనక్కి వేలాడేసి దించానో లేదో, దిమ్మ ముందుభాగం లేచింది, నేను వెనక్కి వెళ్లి గోడకి తగులుకున్నాను. మోచెయ్యి గీరుకుంది. మా ఆవిడ వంటింట్లోంచే "మడమ సరిపోలేదాండీ?" అంది.

వడ్రంగి వచ్చి చూసి నవ్వాడు. మనిషి బరువంతా వెనక అంచు మీద పడుతుంటే, అక్కడ కింద ఆసరా లేదు. అడుగున పలుచటి పలక ఒకటి వేసి, దాన్ని వెనక్కి అడుగున్నర సాగదీశాడు. ఇప్పుడు మడమలు దిగినా వాటి కింద ఆ పలక ఉంటుంది, దిమ్మ లేవదు. ముందువైపు గోడకి ఆనించాం, పట్టుకోవడానికి కిటికీ ఊచలున్నాయి. కాలివేళ్లు జారకుండా పాత సైకిల్ టైరు కోసి, అరిగిన వైపు కిందికి పెట్టి అంచు వెంబడి తాపడం చేశాను. టైరు కోయడానికి కత్తిపీట పనికిరాదు, లోపల అంచుల్లో తీగ ఉంటుంది. ముందు ఆ తీగ అంచులు రెండూ రంపంతో కోసి పారేస్తే మిగతాది కత్తెరకే తెగింది. ఈ ఒక్క సంగతి తెలియక గంట పోయింది.

ఏప్రిల్ 17, గురువారం

లెక్క ఇదీ: మూడు సెకన్లలో పైకి, మూడు సెకన్లలో కిందికి. 15 సార్లు, మూడు విడతలు. ఒకసారి మోకాలు నిటారుగా, ఒకసారి కాస్త వంచి. పిక్కలో రెండు కండరాలున్నాయి. పైకి కనిపించేది మోకాలి పైనుంచి మొదలవుతుంది, దాని కింద దాగున్నది మోకాలి దిగువ నుంచి. మోకాలు వంచితే పైదానికి పట్టు తగ్గి, లోపలిది ఎక్కువ పని చెయ్యాలి. రెండూ చివరికి ఒకే తాడులో కలుస్తాయి.

ఈ దించే కసరత్తు పుట్టిన కథ ఫిజియో అమ్మాయి చెప్పింది. స్వీడన్‌లో హోకన్ ఆల్ఫ్రెడ్‌సన్ అనే ఆర్థోపెడిక్ సర్జన్‌కి ఇదే నొప్పి. ఆపరేషన్ చెయ్యమంటే పై డాక్టరు ఒప్పుకోలేదట. సరే, తెగితేనన్నా చెయ్యక తప్పదు కదా అని, నొప్పి పుట్టేలా రోజూ మడమలు దించడం మొదలెట్టాడు. తెగలేదు, తగ్గింది. తర్వాత 15 మంది మీద 12 వారాలు చేయించి 1998లో పత్రం ప్రచురించాడు. రోజుకి రెండుసార్లు, మొత్తం 180 దింపులు ఆయన లెక్క. నాకు అన్ని ఇవ్వలేదు. ఇప్పుడు బరువు పెంచి, మెల్లగా, వారానికి మూడు రోజులు చేయించినా ఫలితం బాగానే ఉంటోందని, షాపు పెట్టుకుని రోజుకి 180 చెయ్యలేరు లెండి అని అంది. చెయ్యలేను, నిజమే.

ఈ టెండన్ పేరు మాటేమిటంటే: అకిలిస్ గ్రీకు వీరుడు. తల్లి నదిలో ముంచినప్పుడు పట్టుకున్న మడమ ఒక్కటే తడవలేదు, ప్రాణం అక్కడే పోయింది. మనకి కృష్ణుడి నిర్యాణం కూడా పాదానికి తగిలిన బాణంతోనే కదా. ఒడిశాలో ఆ బోయని జరా శబరుడంటారు. మా గజపతి జిల్లా కొండల నిండా ఆ శబరులే, సవరలంటాం. అకిలిస్ మన దగ్గర పుట్టుంటే ఈ తాడుకి ఏ పేరు పెట్టేవాళ్లో.

ఏప్రిల్ 24, గురువారం

పొద్దుటి అంకె వరసగా మూడు రోజులు 3. తలకెక్కింది. ఒంటికాలి దింపులు మొదలెట్టి నాలుగు రోజులే అయినా, బరువు కూడా పెట్టేద్దామని అబ్బాయి పాత స్కూలు బ్యాగులో పది కిలోల బియ్యం పోశాను. రెండో విడతలో ఎనిమిదో దింపుకి జిప్పు పగిలింది. బియ్యం వీపు మీంచి నడవ అంతా. మా ఆవిడ ఏమీ అనలేదు, చాట తెచ్చి నా చేతిలో పెట్టింది.

అప్పుడు నొప్పి 4 మాత్రమే. నియమం ప్రకారం తప్పు చెయ్యలేదు.

ఏప్రిల్ 25, శుక్రవారం

ముగింపు నిల్వ 6. గోడ పట్టుకుని బాత్రూముకి వెళ్లాను. చింతగింజ ఉబ్బు ముట్టుకుంటే చాలు.

ఫోన్ చేస్తే "ఎంత పెంచారు బాబాయ్?" అంది. "పది." "సున్నా నుంచి పదికా?" ఏం చెప్తాను. మూడు రోజులు వెనక్కి వెళ్లి 45 సెకన్ల కదలని కసరత్తు, ఆ తర్వాత రెండు కాళ్లతో, ఆ తర్వాత ఒంటికాలు, ఆ తర్వాతే బరువు, అదీ వారానికి రెండు కిలోలు మించకుండా. మానెయ్యమని మాత్రం అనలేదు. ఆ నాలుగు ఆ సాయంత్రం ఎంత నమ్మకంగా అబద్ధమాడిందో రిజిస్టరులో ఎర్ర సిరాతో రాసుకున్నాను.

మే 4, ఆదివారం

బరువుకి దారి దొరికింది. కిరాణా కొట్లో కల్లుప్పు ప్యాకెట్లు. ఒక్కోటి కచ్చితంగా కిలో, చిరగదు, పోయినా ఊడ్చుకోవచ్చు. రెండు ప్యాకెట్లతో మొదలు. కొత్త బ్యాగు కూడా తెచ్చాను, ట్రెక్కింగుకి వాడేది, నడుముకి కట్టుకునే బెల్టు ఉంది. వీపుకి బిగుతుగా ఉంటేనే ముందుకీ వెనక్కీ ఊగదు.

"మనవలు ఇంకా పుట్టలేదని ఉప్పుమూట ఆట ఒక్కళ్లే ఆడుకుంటున్నారా?" అని మా ఆవిడ. వీధి గుమ్మం తలుపు వేసుకుని చేస్తున్నాను.

మే 9, శుక్రవారం

ఈ మధ్య ఇద్దరు ముగ్గురు అడిగారు, "ఒక్క సూదితో పోతుందట కదా, ఎక్కడో వేస్తున్నారట" అని. స్టెరాయిడ్ సూది. నొప్పి కొన్ని వారాలు తగ్గవచ్చు. టెండన్‌లోకే వేస్తే అది బలహీనపడి తెగే ముప్పుంది. పురి విడిన తాడు మీద నేనైతే ఆ పని చేయించుకోను, అని మాత్రం చెప్పాను.

లెవోఫ్లాక్సాసిన్ చీటీతో వచ్చిన 70 ఏళ్ల ముసలాయన చీటీలోనే ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ కూడా ఉంది. రాసిన డాక్టరుకి ఫోన్ చేయించాను. ఆయన మందు మార్చారు. మానెయ్యమని చెప్పే అధికారం నాకు లేదు. మడమ వెనక నొప్పి మొదలైతే ఆ రోజే డాక్టరుకి చెప్పమనడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆ కాగితం మడత ఇప్పుడు విప్పుతున్నాను.

మే 14, బుధవారం

టెక్కలిలో పెళ్లికి వెళ్లాలి. గుణుపురం నుంచి వచ్చే పాసింజరు ప్లాట్‌ఫారం మీదికి వచ్చేసింది, నేను ఇంకా బయట. పరిగెత్తాను. ఇరవై అడుగులు. నేరో గేజి రోజుల్లో అయితే బండి పక్కన నడుస్తూ కబుర్లు చెప్పి ఎక్కేవాళ్లమని మా నాన్న చెప్పేవారు. ఎక్కి కూర్చున్నాక మడమలో మంట. చేత్తో పిక్క పిసికి చూసుకున్నాను, పాదం కదిలింది. ఎదురు సీటు ఆవిడ తన సంచీ కొంచెం దూరంగా జరుపుకుంది. రాత్రంతా మండపంలో వట్టికాళ్లు.

మర్నాడు 4. ఏప్రిల్లో అయితే ఇది 7 అయ్యేది. రెండు రోజుల్లో 2కి వచ్చేసింది. కోలుకోవడానికి పట్టే టైము తగ్గుతోందన్నది ఈ గళ్లు వెనక్కి తిప్పి చూస్తేనే తెలిసింది. ఏ రోజుకారోజు నొప్పి చూసుకుని ఉంటే మళ్లీ మొదటికొచ్చానని టెన్షన్ పడేవాణ్ణి.

మే 18, ఆదివారం

ఆవకాయ. నా ఆరు ప్యాకెట్లలో నాలుగు జాడీలోకి పోయాయి. అడిగితే "తిరిగి కొనుక్కోండి, కాయ ఆగదు" అంది మా ఆవిడ. ఇవాళ బరువు 2 కిలోలు.

మే 25, ఆదివారం

కాశీనగర్ నుంచి మా బావ వచ్చాడు. ఆయనకీ మడమ నొప్పి, నా దిమ్మ ఫోటో వాట్సాప్‌లో చూసి, ఇంట్లో ఇటుకల మీద పది రోజులుగా దింపులు చేస్తున్నాడట. "నీకు తగ్గింది, నాకు పెరిగింది, ఏటి బావా ఇది?" అని నిలదీశాడు. వేలు ఎక్కడ పెట్టమంటే సరిగ్గా మడమ ఎముక మీద పెట్టాడు, వెనక బూటు అంచు రాసుకునే చోట. అది మొదటి రకం, టెండన్ ఎముకకి అతుక్కునే చోట వచ్చేది.

ఫిజియో అమ్మాయికి వీడియో కాల్ చేశాం. మడమ కిందికి దిగినప్పుడల్లా టెండన్ ఆ ఎముకకి అదుముకుపోతుంది, ఆయనకి నొప్పి ఉన్నదీ అక్కడే కాబట్టి గాయం మీద నొక్కినట్టే అంది. మెట్టు వద్దు, చదును నేల మీదే ఎత్తి దించండి, చెప్పులో మడమ కింద చిన్న మెత్త పెట్టండి, పిక్కని లాగి సాగదీసే కసరత్తులు కొన్నాళ్లు ఆపండి, గొంతుకూర్చుని చేసే పనులు తగ్గించండి అని చెప్పింది. బావకి వ్యవసాయం. గొంతుకూర్చోకుండా ఏం చేస్తాడు? చిన్న పీట మీద కూర్చోమంది. ఆయన ఒప్పుకోలేదు, ఒప్పుకోకుండానే మా వంటింట్లోంచి పీట ఒకటి పట్టుకెళ్లాడు.

జూన్ 8, ఆదివారం

పది వారాలు కావస్తోంది. మళ్లీ పరీక్ష. ఎడమ 26, కుడి 19. ఉబ్బు అలాగే ఉంది. ఆ ఉబ్బు పోతుందో లేదో చూసుకుంటూ కూర్చోవద్దు, నొప్పి పోయాకా చాలామందికి అది మిగిలే ఉంటుందంది. బ్యాగులో 10 ప్యాకెట్లు. విడతకి 15 బదులు ఎనిమిదే, రోజు మార్చి రోజు. పొద్దుటి అంకె 1, ఒక్కోసారి సున్నా. సున్నా రాసే గడిలో ఏం రాయాలో తెలియక మొదటిసారి గీత పెట్టాను, స్టాకు అయిపోయినట్టు.

ఇక ఎగరడం. రెండు కాళ్లతో తాడాటలా చిన్న గెంతులు, 20 చొప్పున మూడుసార్లు. మెల్లగా ఎత్తి దించితే తాడు గట్టిపడుతుంది కానీ, స్ప్రింగులా సాగి వెనక్కి లాగే పని అలవాటు కాదు. నడకకి అది లేకపోయినా సరిపెట్టుకోవచ్చు, పరుగుకి తప్పదు.

జూన్ 15, ఆదివారం, ఒడియా వాళ్ల రజో పండగ రెండో రోజు

వీధి నిండా ఉయ్యాలలు, పొడపిఠా వాసన. మైదానంలో రెండు నిమిషాల నడక, ఒక నిమిషం పరుగు, ఇలా ఆరుసార్లు. చివరి దానికి కుడి మడమ కాదు, ఎడమ మోకాలు మూలిగింది. మర్నాడు పొద్దున్న మడమ 1.

జూన్ 27, శుక్రవారం, రథయాత్ర

వట్టికాళ్లతో తాడు పట్టుకోవాలా వద్దా అని వారం నుంచి ఆలోచన. అడిగితే "ఆగి ఆగి లాగుతారు కదా బాబాయ్, పట్టుకోండి, వేళ్ల మీద నిలబడి తన్నిపెట్టి లాగకండి" అంది. పట్టుకున్నాను. చివర పట్టుకున్నాను, బలమైనవాళ్లు ముందుంటారు. రథం కదిలే ఆ మొదటి క్షణంలో వెనకవాళ్ల తోపుకి నాకు తెలియకుండానే రెండు కాలివేళ్ల మీదా లేచాను. వంద అడుగులు, మధ్యలో నాలుగు ఆగుళ్లు. మా అమ్మ అరుగు మీంచి నా మొహం చూడలేదు, కాళ్లే చూసింది.

జూన్ 28, శనివారం

ముగింపు నిల్వ 1.

ఉప్పు 12 ప్యాకెట్లు ఉన్నాయి, ఒకటి మూల చిరిగి కారుతోంది. దిమ్మకి టైరు మేకు ఒకటి పైకి తేలింది, కొట్టాలి. ఫిజియో అమ్మాయి ఇంకో మూడు నెలలు వారానికి రెండుసార్లు చెయ్యమంది. రిజిస్టరులో ఇంకా 41 పేజీలున్నాయి.

బావ ఫోన్ చేశాడు, పీట విరిగిందట.